బీడు అన్నది నేనే

మా ఊరి గుట్టను బీడు అన్నది నేనే. ఇప్పుడు ఎవరి మీద ఎంత మండిపడ్డా, ముందు ఆ సంగతి ఒప్పుకోకపోతే నాకే సిగ్గుచేటు. నా మాట పట్టుకుని ఎక్కడి వాళ్లో అప్పు ఇచ్చారు, ఇక్కడి వాళ్లు ఖర్చు పెట్టారు, మా చిన్నాయన మంద పోయింది. ఇందులో నేను అన్నది రెండక్షరాలే. ఆ రెండు అక్షరాలనూ తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

కంబదూరు దాటాక కర్ణాటక ఎంతో దూరం లేని మెట్ట పల్లె మాది. ఆ ఊరి అంగన్‌వాడీ టీచర్ని నేను. ఏడెనిమిదేళ్ల కిందట ఒక పొద్దున మూడు జీపులు వచ్చి బడి ముందు ఆగాయి. కరువు జిల్లాను పచ్చగా చేసే ప్రాజెక్టు వచ్చిందనీ, ఊరి పటం ఊరివాళ్లే గీయాలనీ, అదీ కాగితం మీద కాదు, నేల మీద ముగ్గుపిండితో గీయాలనీ చెప్పారు. ముగ్గు అనగానే అందరూ నా వైపు చూశారు. పొగిడితే పడిపోయే గుణం నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కొంగు బిగించి కూర్చున్నాను.

తెల్లపిండితో వీధులు, ఎర్రమట్టితో రోడ్డు, పసుపుతో చేన్లు గీశాను. ఒక్కో ఇంటికి చింతగింజ ఒకటి. నీళ్లున్న బోరుకు సీసా మూత, ఎండిన బోరుకు బొగ్గు ముక్క. బొగ్గులు చాలక పక్కింటి పొయ్యిలోంచి ఇంకో చాటెడు తెచ్చుకున్నాం. ఎవరింట్లో ఎన్ని జీవాలున్నాయో అన్ని కందిగింజలు పెట్టమన్నారు. గొర్రెల్నీ మేకల్నీ కలిపి మేము జీవాలంటాం. చిన్నాయన గుప్పెడు కందిగింజలు తెచ్చి, తన ఇంటి పక్క దొడ్డి గీసిన చోట ఒక్కొక్కటే పెట్టాడు. అరవై పైన ఉన్నాయి. ఒక గింజ దొర్లిపోతే వెతికి తెచ్చి మళ్లీ పెట్టాడు. జీవాలు పడుకునేది దొడ్డిలో కాబట్టి ఊరంతా గింజలు దొడ్లలోనే పెట్టింది. అవి పగలంతా ఎక్కడుంటాయో కూడా గీయాలని ఒక్కరికీ తట్టలేదు. అయినా గడ్డిని ముగ్గులో ఎట్లా గీస్తారు?

పటానికి దక్షిణం వైపు పెద్ద ఖాళీ మిగిలిపోయింది. టోపీ పెట్టుకున్న పెద్దసారు కర్రతో అక్కడ తట్టి, "ఇక్కడేముందమ్మా?" అని అడిగాడు.

"అది గుట్ట సార్. బీడు," అన్నాను.

పక్కనున్న చిన్నాయన కూడా తల ఊపాడు. "అవు సార్, బీడే. మా తాతల కాడ్నుంచి అది బీడే."

సారు సంతోషంగా పుస్తకంలో రాసుకున్నాడు. సరైన జవాబు చెప్పిన పిల్లలా నేనూ సంతోషపడ్డాను.

ఆయన కాగితాల్లో బీడంటే ఎవరికీ పనికిరాకుండా పడి ఉన్న నేల. మాకు బీడంటే మేత. తొలకరి రెండు వానలు పడితే చాలు, ఆ గుట్ట వాలు మీద బోదగడ్డి లేస్తుంది. వానలు లేని నెలల్లో రేగు కంపలు, బలుసు పొదలు, రాలిన తుమ్మకాయలు ఉంటాయి. ఊళ్లో గొర్రెలున్న ప్రతి ఇంటికీ అది అన్నం కుండ. దున్నని నేల కాబట్టి బీడంటాం. పనికిరానిది కాబట్టి కాదు. దున్నకూడదు కాబట్టే దున్నలేదు. మూడు జీపుల నిండా వచ్చిన చదువుకున్న వాళ్లలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "మరి ఇన్ని కందిగింజలు ఏం తింటాయమ్మా?" అని అడిగి ఉంటే నేను చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు. భోజనం వేళ అయింది. పటానికి ఫొటో తీసుకుని లేచిపోయారు.

చిన్నాయన గురించి చెప్పాలి. మా నాయన నేను ఐదో తరగతిలో ఉండగా పోయాడు. అప్పటినుంచి మా అమ్మనూ నన్నూ చూసుకున్నది ఆయన తమ్ముడే. ఆయనకున్నది రెండెకరాల ఎర్రనేల. అందులో వేరుశనగ వేస్తే విత్తనాలు తిరిగి వచ్చిన ఏడు మంచి ఏడు కింద లెక్క. మమ్మల్ని బతికించింది చేను కాదు, మంద. నేను పదో తరగతి పరీక్ష కట్టాలన్నప్పుడు ఒక పొట్టేలు, ట్రైనింగుకు పోవాలన్నప్పుడు రెండు పొట్టేళ్లు సంతకు పోయాయి. చిన్నాయన ఎప్పుడూ ఆ సంగతి ఎత్తడు. ఎత్తనందుకే నాకు ఎక్కువ గుర్తు.

పటం గీసిన ఏడాదికి గుట్ట కింద నీలంరంగు బోర్డు లేచింది. విదేశీ బ్యాంకు సహాయంతో బీడుభూముల అభివృద్ధి అని రాసి ఉంది. గుట్ట చుట్టూ కందకం తవ్వి ముళ్లకంచె వేశారు. లోపల వరసలు వరసలుగా గుంతలు. కానుగ మొక్కలు పెడతారట, అవి పెరిగే ఐదేళ్లూ లోపల ఒక్క జీవం అడుగు పెట్టకూడదట. ఊరు స్వయంగా ఒప్పుకుంటేనే ప్రాజెక్టు ఇస్తారట కాబట్టి ఒక కమిటీ కావాలి. కమిటీలో ఆడవాళ్లు ఉండి తీరాలని బ్యాంకు షరతు. సంతకం చేయగలిగిన ఆడమనిషి అంటే మళ్లీ నేనే. ఒప్పందం చదివాను. మేత నిషేధం అన్న ముక్క కూడా చదివాను. "ఇది కష్టం సార్, జీవాలు యాడికి పోవాల?" అని అడిగితే, ఐదేళ్లయ్యాక గడ్డి కోసుకోవచ్చనీ, దొడ్డిలోనే కట్టి మేపే పద్ధతి నేర్పిస్తామనీ అన్నారు. గొర్రెను కట్టేసి మేపడం. ఆ మాట విని కూడా నేను సంతకం పెట్టాను. ఊరంతా మంచి జరుగుతుందంటే నేనొక్కదాన్ని అడ్డం పడటం ఎందుకనుకున్నాను. పనులొస్తాయి, కూలి వస్తుంది అనుకున్నాను. కూలి వచ్చిన మాట నిజమే. మా గుట్టను మాకు కాకుండా చేసే కందకం మా చేతులతోనే తవ్వించారు. ప్రాజెక్టు ఖర్చులో ఊరి వాటా అని ఆ కూలిలో కొంత పట్టుకున్నారు కూడా.

మొక్కలు పెట్టింది ఎప్పుడో చెబితే బయటివాళ్లు నమ్మరు. మార్చి నెలాఖరున పెట్టారు. మా వైపు మార్చిలో బండమీద నిలబడితే అరికాలు బొబ్బలెక్కుతుంది. మా వాళ్లు గునపాలు కింద పడేసి, "ఇప్పుడు నాటేదేంది సార్, మృగశిర కార్తె రానీ," అన్నారు. గుంతల లెక్క చూసే ఇంజినీరు వినలేదు. మనిషి చెడ్డవాడు కాదు. అంగన్‌వాడీ అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగుతూ నాతో ఉన్నమాట చెప్పాడు.

"మార్చి లోపల ఇన్ని ఎకరాల్లో మొక్కలు పెట్టామని చూపించాలమ్మా. చూపిస్తేనే లోన్ తర్వాతి విడత వస్తుంది."

"లోనా? బోర్డు మీద సహాయం అని ఉండాది గదా సార్?"

ఆయన నవ్వాడు. "అప్పు ఇవ్వడం కూడా సహాయమే కదమ్మా."

నాకు చెంబు ఆయన నెత్తిన బోర్లించాలనిపించింది. ఊరు ఊరంతా అది ఎవరో పెద్దదేశం వాళ్లు ధర్మంగా ఇచ్చిన దుడ్లు అనుకుంటోంది. ముసలివాళ్లు ఆ బోర్డు వైపు తిరిగి దండం పెట్టడం నా కళ్లతో చూశాను. ఎవరు తీర్చాలి సార్ అని అడిగాను. ప్రభుత్వం అన్నాడు. ప్రభుత్వానికి ఎక్కడివి అంటే, ఆయన చేతులు తిప్పి నావైపూ తనవైపూ చూపించాడు. ఎన్నాళ్లు తీర్చాలి అంటే, మీ మనవళ్ల దాకా ఉంటుందన్నాడు. అడిగితే ఇంకా చెప్పాడు. తీసుకున్నది డాలర్లలో, తీర్చాల్సింది డాలర్లలో. మన రూపాయి విలువ పడిపోతే, ఒక్క పైసా కొత్తగా తీసుకోకపోయినా కట్టాల్సిన రూపాయలు పెరుగుతాయి. మొక్కలు ఎట్లా నాటాలో చెప్పడానికి పైదేశాల నుంచి వచ్చే నిపుణుల జీతాలూ, విమానం ఖర్చులూ ఇదే అప్పులోంచి పోతాయి. అంటే మార్చిలో మొక్క పెట్టమని చెప్పిన మనిషికి మేమే అప్పుచేసి జీతం ఇచ్చామన్నమాట.

మా ఊళ్లో అప్పు తెలియని ఇల్లు లేదు. షావుకారు మంచివాడని నేను చెప్పను. కానీ వాడు మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, దేనికి, ఎప్పుడిస్తావు అని అడుగుతాడు. వాన పడకపోతే తిట్టుకుంటూనైనా ఒక పంట ఆగుతాడు. అన్నిటికంటే, అప్పు తీసుకున్నవాడికి తాను అప్పు తీసుకున్నట్టు తెలుస్తుంది. ఇక్కడ మా పేరు మీద, మా గుట్ట చూపించి, మాకు తెలియకుండా అప్పుచేసి, మమ్మల్ని లబ్ధిదారులు అన్నారు. ఆ నెల అంగన్‌వాడీకి గుడ్లు సగమే వచ్చాయి. ఎందుకని అడిగితే నిధుల్లేవన్నారు. పిల్లలకు గుడ్డును చాకుతో రెండుగా కోస్తూ నేను ఇంజినీరు చేతులు తిప్పిన తీరే తలచుకున్నాను.

ఏప్రిల్ నెలాఖరు కల్లా మొక్కలు మాడిపోయాయి. రిజిస్టరులో మాత్రం పచ్చగానే ఉన్నాయి. కంచె మాత్రం అట్లాగే ఉంది. లోపల ఎండిన పుల్లలు, వాటికి కాపలా.

ఆ ఏడు చిన్నాయన మందను ఊరి చుట్టూ గట్ల వెంట, రోడ్డు వారగా మేపుకొచ్చాడు. చేన్లవాళ్లతో రోజూ గొడవే. వానాకాలంలో గుట్ట మీద గడ్డి లేచింది. కంచె ఇవతల నిలబడి జీవాలు అరిచేవి. ఒకరోజు కందకం ఒక చోట కూలి, మంద లోపలికి దూరింది. ఆయన తోలాడో, అవే పోయాయో నేను అడగలేదు. మేసింది గడ్డినే, అక్కడ మొక్క అన్నది ఉంటే కదా. అయినా కావలివాడు మందను తోలుకెళ్లి బందెలదొడ్డిలో పెట్టాడు. కమిటీ కూర్చుంది. తలకింత అని జరిమానా వేయాలని ఒప్పందంలో ఉంది. కమిటీలో నేనున్నాను. అందరూ నన్నే చూస్తున్నారు, సొంత చిన్నాయన కదా ఏమంటుందో అని.

నేను వద్దనలేదు. వద్దంటే పక్షపాతం అంటారని భయపడ్డాను. ఇంత నోరున్న దాన్ని, ఆరోజు నోరు తెరవలేదు.

చిన్నాయన కోపగించుకుని ఉంటే బాగుండేది. జరిమానా కట్టి, జీవాలను విడిపించుకుని వస్తూ మా వాకిట్లో ఆగాడు. "ఆ కాగితం మీద నువ్వు కూడా సంతకం పెట్టినావంట గదా పాపా," అన్నాడు. పెట్టానన్నాను. "తెలిసే పెట్టింటావులే. మనకు మంచిదే అయ్యుంటాది," అని పోయాడు. ఎగతాళికి అనలేదు. నామీద నమ్మకంతోనే అన్నాడు. అదే నన్ను కోసేసింది.

తర్వాత ఆయన మందను తోలుకుని కర్ణాటక వైపు వలసపోయాడు. అరవై ఏళ్ల మనిషి నాలుగు నెలలు ఊరూరా తిరిగాడు. వర్షాల్లో తడిసి జీవాలకు మూతివాపు రోగం వచ్చింది. తిరిగొచ్చేసరికి సగం కూడా లేవు. మిగిలినవి ఎముకలు తేలి ఉన్నాయి. "ఇంగ నాతో గాదు పాపా. సంతకు తోల్తా," అన్నాడు. అనంతపురం సంతకు నేనూ వెంట పోయాను. కొనేవాళ్లు ఒక్కొక్క గొర్రె నడుం మీద వేళ్లతో నొక్కి చూసి పెదవి విరిచారు. దళారి తువ్వాలు కింద చిన్నాయన చెయ్యి పట్టుకుని వేళ్లతో బేరం చెప్పాడు. ఎంతన్నాడో నాకు కనిపించలేదు. చిన్నాయన ముఖం కనిపించింది, అది చాలు. ఒక్కదాన్ని కూడా ఉంచుకోలేదు. ఒక్కదానికోసం పొద్దంతా ఎవరు తిరుగుతారు అన్నాడు.

ఆ తర్వాత రెండు నెలలు ఆయన తెల్లారగానే లేచి, ఎక్కడికి పోవాలో తెలియక అంగన్‌వాడీ అరుగు మీద వచ్చి కూర్చునేవాడు. పిల్లలతో పాటు నేనిచ్చిన గ్లాసెడు పాలు కూడా వద్దనేవాడు. ఆయన ముఖం చూడాలంటే నాకు భయంగా ఉండేది.

అప్పిచ్చిన బ్యాంకు వాళ్లు పని ఎట్లా జరిగిందో చూడటానికి ఒకసారి వచ్చారు. తెల్లగా, మర్యాదగా ఉన్న ఒకావిడ ప్లాస్టిక్ కుర్చీ వద్దని మాతోపాటు చాప మీద కూర్చుంది. మహిళా సభ్యురాలు మాట్లాడాలన్నారు. ఏం చెప్పాలో ముందురోజే నాకు నేర్పించారు. నేను నేర్పించింది చెప్పలేదు. "అమ్మా, అది ఖాళీ నేల గాదు, మా జీవాల మేత. పటంలో గీయకపోవడం నా తప్పు. మీరు ఆ గుట్టకు కంచె కట్టించినాక మా చిన్నాయన మంద మొత్తం పోయినాది. ఈ అప్పు మమ్మల్ని అడిగి చేసింది గాదు, మా పిల్లోళ్లతో కట్టించొద్దండి," అని గుక్కతిప్పుకోకుండా చెప్పాను. తెలుగు నుంచి ఇంగ్లీషులోకి చెప్పే సారు అంతా విని, ఒక్క ముక్కలో తేల్చేశాడు. అందులో నాకు అర్థమైన మాట హ్యాపీ ఒక్కటే. ఆవిడ నా చేతులు రెండూ పట్టుకుని నవ్వింది. పదో తరగతి ఇంగ్లీషు కూడదీసుకుని నో మేడమ్ అనే లోపల ఫొటో తీసేశారు. ఆ ఫొటో ఏదో పుస్తకంలో అచ్చయిందని తర్వాత ఎవరో చెప్పారు. నేను చూడలేదు, చూడను.

ఐదేళ్లు నిండక ముందే ప్రాజెక్టు అయిపోయిందన్నారు. కావలివాడికి జీతం ఆగింది. ముళ్లతీగను ఎవరికి వాళ్లు కోసుకుపోయి దొడ్లకు కట్టుకున్నారు. పోయిన ఏడు వాన మంచిగా పడితే గుట్టమీద గడ్డి నడుం ఎత్తు లేచింది. మేయడానికి ఊళ్లో పట్టుమని పది గొర్రెలు లేవు. మా చిన్నాయనవే కాదు, అందరివీ ఒక్కొక్కటిగా అట్లాగే పోయాయి.

ఈ ఏడు మళ్లీ జీపు వచ్చింది. ఈసారి ఒకటే. అదే బ్యాంకు, రెండో అప్పు. ఈ అప్పు కరువు పల్లెల్లో పేదలకు కొత్త బతుకుదెరువు చూపించడానికట. పథకం ఏమిటంటే, జీవాలు లేని ఇంటికి ఇరవై గొర్రెలూ ఒక పొట్టేలూ ఇస్తారు. సగం సబ్సిడీ, సగం లోను. వచ్చిన ఉద్యోగిని చెబుతుంటే నాకు నవ్వు కూడా రాలేదు. మందను పోగొట్టిన అప్పుకు ఒక పక్క కిస్తీ, మందను తెచ్చుకునే అప్పుకు ఇంకో పక్క కిస్తీ. నేను నోటికొచ్చినట్టు అడిగాను. ఆ పిల్ల తల వంచుకుని విని, "పాత ప్రాజెక్టు సంగతి నాకు తెలీదక్కా. నేను చేరి మూడు నెలలే," అంది. దులపడానికి ఎదురుగా ఎప్పుడూ ఇట్లాంటి వాళ్లే దొరుకుతారు.

చిన్నాయన మాత్రం లేచి ముందుకొచ్చాడు. చాలా రోజుల తర్వాత ఆయన కళ్లల్లో కదలిక చూశాను. "నాకు రాయించు పాపా. గడ్డి ఊరికే ఎండిపోతాండాది," అన్నాడు.

ఊళ్లో ఎవరి దరఖాస్తయినా నింపేది నేనే. పేరు, వయసు, భూమి అన్నీ రాశాను. ఆ తర్వాత ఒక గడి ఉంది. గొర్రెల పెంపకంలో అనుభవం ఉందా, లేదా. ఉంది అని రాయబోతుంటే ఉద్యోగిని ఆపింది. ఇది కొత్తగా నేర్చుకునే వాళ్లకు ఇచ్చే పథకమట. మూడురోజుల శిక్షణ తీసుకుంటేనే గొర్రెలు ఇస్తారు. అనుభవం ఉందని రాస్తే శిక్షణకు ఆయన పేరును కంప్యూటరు తీసుకోదు. "లేదని రాయండక్కా, లేకుంటే పెద్దాయనకు రావు," అంది.

కాగితం చించి పారేస్తే నా కోపం తీరేది. కానీ గొర్రెలు కావాల్సింది నాకు కాదు.

లేదు అని రాశాను.

"ఏమని రాసినావు?" అన్నాడు చిన్నాయన.

"గొర్రెలు మేపడం నీకు రాదని రాసినా చిన్నాయనా," అన్నాను.

ఆయన బొటనవేలు ఇంకు ప్యాడు మీద అద్ది నావైపు చూశాడు.

"యాడ ఒత్తాల, చూపించు," అన్నాడు.